నలభై ఒకటో బొమ్మ

"ఇక లే నాన్నా. అది ఆ కుప్పలో లేదు."

పుస్తకాల బైండరు లేవలేదు. కోత మిషను ముందు నేల మీద కాగితపు పీలికలు కుప్ప పోసుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. తెల్లవి ఒక పక్కకు. రూళ్ళున్నవి ఒక పక్కకు. రంగు తగిలిన పీలిక దొరికితే ఒళ్ళో వేసుకుంటున్నాడు.

ఒళ్ళో ఇప్పటికి పదకొండు పీలికలు చేరాయి. ఒకదాని మీద ఆకాశం. ఒకదాని మీద ఎవరింటి గోడో. ఒకదాని మీద కుక్క తోక, ఒట్టి తోకే.

"నిన్న పొద్దున పాత కాగితాలతను వచ్చి సంచి ఎత్తుకుపోయాడని నువ్వే అన్నావు కదా," అంది కూతురు గుమ్మంలో నిలబడి.

"ఒక సంచే పట్టుకెళ్ళాడు. ఇది రెండోది."

"శుక్రవారం కోసినవి ఏ సంచిలో వేశావు?"

బైండరు ఇంకో పీలిక తీసి వెలుతురుకు పెట్టాడు. పోయిన సంచిలోనే వేశాడని కూతురికి అర్థమైంది.

"పదకొండు గంటల బస్సుకు బావ వస్తున్నారు. ఏం చూపించమంటావు ఆయనకి?"

బైండరు మళ్ళీ కుప్పలో చెయ్యి పెట్టాడు.

"నేనే ఫోన్ చేసి చెప్పాను నాన్నా. బావా, మీ బొంగరం వాళ్ళమ్మను బొమ్మలో వేసింది, ఏడు నెలల్లో ఇదే మొదటిసారి, మీరొచ్చి కళ్ళారా చూడండి, ఆ తర్వాతే హాస్టలు మాట ఎత్తండి అని. అంత గట్టిగా చెప్పాను. ఆ మనిషి సెలవు పెట్టుకుని వస్తున్నాడు. రేపు పొద్దునకల్లా సీటు ఖాయం చెయ్యాలట. ఇప్పుడు ఏం చూపించను? నీ ఒళ్ళో కుక్క తోక చూపించనా?"

బైండరు ఒళ్ళోకి చూసుకున్నాడు. ఆ తోకను తీసి పక్కన పెట్టాడు.

బొంగరం ఆయన పెద్దకూతురి కూతురు. ఏడేళ్ళది. ఒక్కచోట నిలవదని ఆ పేరు తాతే పెట్టాడు. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఇక్కడే, తాత దగ్గరా ఈ పిన్ని దగ్గరా ఉంటోంది. ఆ పిల్ల నిన్న మధ్యాహ్నం బొమ్మలన్నీ కుట్టి తాత ఇచ్చిన కొత్త పుస్తకం తెరిచింది. చివరి పేజీ దాకా తిప్పింది. "అమ్మను కోసేశావా తాతయ్యా?" అని అడిగింది. ఆ తర్వాత ముందు గదిలో బల్ల కిందికి దూరి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుంది. అన్నానికి రాలేదు. బల్ల కిందికే పళ్ళెం తోస్తే సగం తిని మళ్ళీ బయటికి తోసింది. నిద్రకు మాత్రం పిన్ని ఎత్తుకొచ్చి పక్క మీద వేసింది. తెల్లారేసరికి మళ్ళీ బల్ల కిందే ఉంది.

"అసలు నా క్లాసు పిల్లల కాగితాలు ఎందుకు ముట్టుకున్నావు? నిన్నెవరు బైండు చెయ్యమన్నారు?"

"అట్టపెట్టెలో ముడతలు పడిపోతుంటే..."

"పడితే పడ్డాయి!"

"దానికివ్వాలనే చేశాను. ఎర్ర గుడ్డ వేశాను. మంచి గుడ్డ."

"కుట్టి ఊరుకోవచ్చు కదా. కొయ్యడం ఎందుకు?"

ఆ మాటకు బైండరు తలెత్తాడు. కూతురు అడిగింది నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. యాభై ఏళ్ళలో ఆయన చేతి మీదుగా పోయిన ఏ పుస్తకమూ మూడు పక్కలా కోత పడకుండా పోలేదు. కుట్టు, జిగురు, కోత, అట్ట. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోవడం ఎంతో, జిగురు ఆరాక కోయడమూ అంతే. పైగా పిల్లల కాగితాలు ఒక్క కొలతవి కావు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అలాంటప్పుడు అన్నిటికంటే చిన్న కాగితం కొలతకు మిషను బిగించి, పిడి లాగాలి. ఆయన అదే చేశాడు. బయటికి పొడుచుకొచ్చినవన్నీ కింద రాలాయి. ఆయన పనిలో పొడుచుకొచ్చింది ఎప్పుడూ చెత్తే.

బొంగరం కాగితానికి పక్కన ఇంకో ముక్క అతికించి ఉంది. ఇల్లు వేసేసరికి కాగితం అయిపోయింది. తలుపు దగ్గర మనిషిని నిలబెట్టడానికి చోటు లేకపోయింది. "కాగితం చాలకపోతే ఇంకోటి అతికించుకోండి గానీ మనిషిని కుదించకండి" అని పిన్ని తన క్లాసులో అందరికీ చెబుతుంది. ఆ పిల్ల నాలుగు వేళ్ళ వెడల్పు ముక్క చింపి, మైదా జిగురుతో అతికించి, దాని మీద వాళ్ళమ్మను వేసింది.

కోత సరిగ్గా అతుకు మీద పడింది. ఇల్లు మిగిలింది. తలుపు మిగిలింది. తలుపు చెక్కను పట్టుకున్న నాలుగు వేళ్ళు మిగిలాయి.

"అతుకు చూసుకోలేదా నాన్నా?"

"చూశాను."

"చూసి కూడా..."

"వంకరగా ఉంది," అన్నాడు బైండరు. "అతుకు వంకరగా ఉంది."

కూతురు గోడకు తల ఆనించింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి ఆమె గొంతులోంచి వచ్చింది.

"మా క్లాసంతా వంకరే కదా నాన్నా. వంకరగా వెయ్యండర్రా, ఏం ఫర్వాలేదు అనే కదా నేను రోజూ చెప్పేది. ఈ గోడ అవతలే కదా నువ్వు కూర్చునేది. ఒక్కరోజైనా విన్నావా?"

విన్నాడు. రోజూ విన్నాడు. కానీ చేతులకు చెవులుంటాయా?

బైండరు ఇంకో పీలిక తీసుకున్నాడు.

"టీచర్!"

వీధి గుమ్మంలో పిల్లలు. ఆదివారం పొద్దున తొమ్మిదికి క్లాసు. ఆమె ఆ సంగతే మరిచిపోయింది.

"ఇవాళ క్లాసు లేదర్రా. వచ్చే ఆదివారం రండి."

"ఎందుకు లేదు?" అంది ముందున్న పిల్ల. ఐదేళ్ళది. పక్కింటి పిల్ల. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. వాదన మాత్రం ఊడలేదు. అందుకని వీధంతా దాన్ని లాయరు అంటుంది. "నిన్ననే చెప్పాలి కదా టీచర్. నేను స్నానం కూడా చేసేశాను."

"స్నానం ఎలాగూ చెయ్యాలి కదే."

"ఆదివారం పదకొండింటికి చేస్తాను. మీ కోసం ఎనిమిదింటికే చేశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి."

వెనక తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతుల్లో పాత కాగితాలు, క్యాలెండర్లు, మందుల చీటీలు ఉన్నాయి. కిందటి వారం ఆమే తెమ్మంది. ఇంక ఏమంటుంది? లోపలికి రమ్మంది.

ముందు గది గోడలన్నీ పిల్లలవే. ఆ గోడ మీద నీలి కుక్కలుంటాయి, ఆరు కాళ్ళ ఆవు ఉంటుంది, ఇంటి కంటే పెద్ద సీతాకోకచిలుక ఉంటుంది. రబ్బరు అనేది ఆ గదిలో కనపడకూడదు. తప్పు గీత పడితే దాన్ని ఇంకో దేనిగానో మార్చుకోవాలి. నల్ల సిరా ఒలికితే మేఘం చేసుకోవాలి. ఇది పిచ్చిగా ఉంది, అది వంకర అని ఎవరూ ఎవర్నీ అనకూడదు. అవే ఆ క్లాసు చట్టాలు.

"ఇవాళ కత్తెరా వద్దు, పెన్సిలూ వద్దు," అంది టీచరు. "చేత్తో చింపండి. ఎలా వస్తే అలా. చింపాక ఆ ముక్కను చేతిలో పెట్టుకుని, నువ్వు ఎవరు అని దాన్నే అడగండి."

గదిలో చింపుళ్ళు మొదలయ్యాయి. పిల్లలకు చింపమని చెప్పే పెద్దవాళ్ళు ఇంకెక్కడా లేరు కాబట్టి వాళ్ళు ఆ పని శ్రద్ధగా చేశారు.

"నాది ఏమీ చెప్పట్లేదు టీచర్," అంది లాయరు.

"తిప్పి అడుగు."

"ఇప్పుడు ఏనుగు అంటోంది. నాకు నమ్మకం లేదు."

"తొండం ఏదీ అని అడుగు."

"ఇంటి దగ్గర మర్చిపోయిందట."

అందరూ నవ్వారు. టీచరు కూడా నవ్వబోయి బల్ల కిందికి చూసింది. బొంగరం కదల్లేదు. బల్ల కింద దాని పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఎడమ కాలి బొటనవేలికి పసుపు రంగు. అది వారం కిందటిది. బొమ్మలో వాళ్ళమ్మ చీరకు వేసిన రంగు.

బైండరు పుస్తకం చంకలో పెట్టుకుని రెండు గదుల మధ్య గుమ్మంలోకి వచ్చాడు. లాయరు లేచి ఆయన ముందు నిలబడింది.

"తాతగారూ, నా సూర్యుణ్ణి సగానికి కోసేశారట."

"అవునమ్మా."

"కావాలని కోశారా? పొరపాటున కోశారా?"

బైండరు ఆలోచించాడు. పెద్దవాళ్ళెవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు.

"రెండూ కాదు. అలవాటున కోశాను."

అలాంటిదొకటి ఉంటుందని లాయరుకు తెలియదు.

"కావాలని చేస్తే కొడతారు. పొరపాటైతే వదిలేస్తారు. అలవాటుకి ఏం చేస్తారో మా అమ్మని అడిగి చెబుతాను," అంది. తర్వాత కాస్త తగ్గింది. "నా సూర్యుడికి ఏం కాలేదు లెండి. సగం ఉంటే సాయంత్రం అనుకుంటారు."

తన ఏనుగును పట్టుకుని బల్ల కిందికి దూరింది. కాసేపు గుసగుసలు వినిపించాయి. అన్నీ ఒక గొంతువే. తిరిగి బయటికి వచ్చి జుట్టు సర్దుకుంది.

"మాట్లాడట్లేదు టీచర్. కానీ వింటోంది. ఏనుగుని ఉంచుకుంది."

పిల్లలు జిగురుతో ముక్కలు అతికిస్తుంటే పిన్ని వెళ్ళి బల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"బొంగరం. మళ్ళీ వేద్దామా? పెద్ద కాగితం ఇస్తాను. నేనే అతికిస్తాను, ఎంత కావాలంటే అంత."

ఆ పిల్ల మొహం గోడ వైపుకు తిప్పుకుంది.

బొంగరం తండ్రి లైన్‌మన్ పదకొండు దాటిన పది నిమిషాలకు వచ్చాడు. పిల్లలు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతున్నారు. కరెంటు స్తంభాలెక్కే మనిషి. ఒక ఊళ్ళో పని అయితే ఇంకో ఊరు. మెడ వెనక ఎండకు కమిలి నల్లబడింది. చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, గోడల మీద బొమ్మలన్నీ ఒకసారి చూశాడు. వెతుకుతున్నాడు.

"ఏదీ?" అన్నాడు.

"మంచినీళ్ళు తాగండి బావా. కూర్చోండి."

"కూర్చుంటాను. ముందు చూపించు. దారంతా అదే ధ్యాస. ఎలా వేసిందో అని. మొహం పోలిక కుదిరిందో లేదో అని."

మరదలు తండ్రి వైపు చూసింది. బైండరు పుస్తకం తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు.

"చివరి పేజీ," అన్నాడు.

లైన్‌మన్ కుర్చీలో కూర్చుని వెనక నుంచి తెరిచాడు. ఇల్లు. ఇంటికి రెండు కిటికీలు. తలుపు.

"ఎక్కడ?"

"ఆ వేళ్ళు."

"మిగతా మనిషి?"

"కోసేశాను," అన్నాడు బైండరు. "పుస్తకం కుట్టి అంచులు కోశాను. ఆ అంచులో పోయింది."

లైన్‌మన్ పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని ఆ నాలుగు వేళ్ళ పక్కన తన వేలు పెట్టాడు. తాకకుండా, పక్కనే.

"ఉంగరం కూడా వేసింది," అన్నాడు. "ఇన్నేళ్ళు కాపరం చేశాను. ఏ వేలికి పెట్టుకునేదంటే చెప్పలేను. ఇది చూసింది."

"ఏమన్నా అను అల్లుడూ," అన్నాడు బైండరు.

"ఏమంటాను మామయ్యా. పెద్దవారు."

"అంటే నాకు బాగుంటుంది."

"మీకు బాగుండటానికి అనాలా నేను?"

ఆ మాట మెల్లగానే అన్నాడు. బైండరు రెండడుగులు వెనక్కి వేసి గోడకు చేరగిలబడ్డాడు.

మరదలు మంచినీళ్ళ గ్లాసు అలాగే పట్టుకుని ఉంది.

"బొమ్మ పోతే పోయింది బావా. వేసిన మాట నిజం కదా. నేను కళ్ళతో చూశాను. పసుపు చీరలో అక్క. ఒక చెయ్యి తలుపు మీద. గడప దాటి వెళ్ళిపోతున్నట్టు వేసింది. అంటే ఏంటి? అది ఒప్పుకుంది. దాని మనసు ఒప్పుకుంది. ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న పిల్లని తీసుకెళ్ళి ముప్పై మందిలో పడేస్తే..."

"తేరుకున్న పిల్ల బల్ల కింద ఎందుకుంది?"

"అది నిన్నటి నుంచే. నాన్న చేసిన పనికి."

"నెల కిందట వచ్చినప్పుడు కూడా నాతో నాలుగు మాటలు మాట్లాడలేదు. దాని చేత రంగులు పూయిస్తున్నావు, మట్టి పిసికిస్తున్నావు. నేను కాదనలేదు. కానీ ఎన్నాళ్ళు? నువ్వూ బతకాలి. నీకూ..."

"నా సంగతి నేను అడిగానా మిమ్మల్ని?"

"వెళ్ళట్లేదు."

ముగ్గురూ ఆగిపోయారు. ఆ మాట బల్ల కింద నుంచి వచ్చింది.

"ఏంటమ్మా?" అన్నాడు లైన్‌మన్ కుర్చీలోంచి వంగి.

"అమ్మ వెళ్ళట్లేదు. వస్తోంది."

"ఎక్కడికి?"

"ఇంట్లోకి. చెప్పులు విప్పుతోంది. వెళ్ళేవాళ్ళు చెప్పులు వేసుకుంటారు, విప్పరు." పిన్నికి ఆ మాత్రం తెలియనందుకు విసుగు ఆ గొంతులో. "ఆసుపత్రి నుంచి వస్తోంది. చేతిలో మందుల సంచి కూడా వేశాను. అదీ కోసేశాడు తాతయ్య."

గ్లాసులో నీళ్ళు కొన్ని ఒలికి నేల మీద పడ్డాయి. ఎవరూ తుడవలేదు.

ముగ్గురూ వంటింట్లోకి వెళ్ళారు. తలుపు దగ్గరగా వేసుకున్నారు.

"దీనికి చెప్పలేదా మీరు?" అన్నాడు లైన్‌మన్.

"మీరు చెప్పారనుకున్నాను బావా."

"నేనెప్పుడు చెప్పాను? దాని మొహం చూడలేక మూడో రోజే పనిలోకి పోయాను కదా."

"పోయే ముందు చెప్పారనుకున్నాను. మీరు దాన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. నేను పక్క గదిలో ఉన్నాను."

"కూర్చోబెట్టుకున్నాను. మాట రాలేదు. తల దువ్వి పంపేశాను." మామగారి వైపు తిరిగాడు. "మామయ్యా, మీరు?"

బైండరు తల అడ్డంగా ఊపాడు.

"తండ్రివి నువ్వున్నావు కదా అని..."

ఆ రోజుల్లో తల్లితో ఇక్కడికి వచ్చి ఉన్న బొంగరానికి గవదబిళ్ళలు. లాయరుకు అవి అప్పటికే వచ్చి తగ్గాయని, పది రోజులు పక్కింట్లో వాళ్ళ దగ్గర ఉంచారు. ఆ పది రోజుల చివర్లోనే తల్లి కడుపునొప్పని ఆసుపత్రికి వెళ్ళింది. "అమ్మ ఆసుపత్రికి వెళ్ళింది" అని పిల్లకు చెప్పారు. అంతవరకు చెప్పారు. నాలుగో రోజుకు మనిషి లేదు. పిల్లను ఇంటికి తెచ్చేసరికి ఇల్లంతా జనం. అందరూ ఏడుస్తున్నారు. ఇంతమంది ఏడుస్తుంటే పిల్లకు తెలియకుండా ఉంటుందా అని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. చెప్పాల్సింది ఎవరో ఒకరు చెప్పే ఉంటారని కూడా అనుకున్నారు. ఆ తర్వాత ఆ పిల్ల ముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బాధపడుతుందని ఎత్తలేదు. వీధిలో పిల్లల నోళ్ళు కూడా పెద్దవాళ్ళు మూయించారు.

మాట తక్కువ ఇల్లు అది. అవసరమైన మాటకు కూడా ఎవరో ఒకరు ముందు మొదలుపెట్టాలని కాచుకునే ఇల్లు.

"అమ్మ ఎప్పుడొస్తుందని అడగలేదా అది?" అన్నాడు లైన్‌మన్.

"మొదట్లో అడిగేది," అంది మరదలు. "తర్వాత మానేసింది. అలవాటు పడిందనుకున్నాను."

"అడిగినప్పుడు ఏం చెప్పావు?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులకు తడి లేదు.

"ఏం చెప్పావు చెప్పు."

"ఇప్పుడు నన్ను నిలదియ్యకండి బావా. మీరు ఏడు నెలల్లో నాలుగుసార్లు వచ్చారు. నాలుగుసార్లూ బిస్కెట్లు తెచ్చారు. నేను దాని పక్కన పడుకున్నాను, దానికి జ్వరమొస్తే..."

"నిలదియ్యట్లేదు. ఎవరు చెప్పాలి ఇప్పుడు, అది చెప్పు."

"తండ్రి మీరు."

"నా వల్ల కాదు. స్తంభం ఎక్కమను, వర్షంలో ఎక్కుతాను. ఇది నా వల్ల కాదు. నువ్వు టీచరువి. పిల్లలకు ఎలా చెప్పాలో నీకు తెలుసు."

"చింపడం చెబుతాను, అతికించడం చెబుతాను. ఇది ఎలా చెప్పాలో నాకెవరు నేర్పారు?"

ఇద్దరూ గొంతులు తగ్గించి కొట్లాడుకుంటున్నారు. వాళ్ళ మధ్య నుంచి బైండరు తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు.

"నాన్నా, ఎక్కడికి?"

ఆయన ఆగలేదు. ముందు గదిలోకి వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా వంగి, బల్ల ముందు నేల మీద చతికిలబడ్డాడు. చింపిన కాగితాలు ఇంకా చుట్టూ ఉన్నాయి. ఆయన వాటిని పక్కకు జరపలేదు.

"బొంగరం, ఇలా రా."

పిల్ల రాలేదు. ఆయన కాచుకుని కూర్చున్నాడు. కాచుకోవడం ఆయనకు వచ్చిన పని. కొంతసేపటికి పిల్ల తనే బయటికి పాకి ఎదురుగా కూర్చుంది. చేతిలో లాయరు ఇచ్చిన ఏనుగు. అది చెమటకు నలిగిపోయింది.

"మీ అమ్మ రాదమ్మా," అన్నాడు బైండరు. "ఆసుపత్రిలోనే చనిపోయింది. ఏడు నెలలైంది. నీకు చెప్పాలి మేము. చెప్పలేదు."

వంటింటి గుమ్మంలో ఇద్దరూ నిలబడిపోయారు.

పిల్ల తాత నోటి వైపే చూస్తోంది. ఇంకా ఏమైనా వస్తుందేమోనని చూస్తోంది.

"నాకు గొంతు వాచినప్పుడా?"

"ఆ. అప్పుడే."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"నాన్నకి తెలుసా?"

"తెలుసు."

"పిన్నికి?"

"తెలుసమ్మా."

"లాయరుకి?"

బైండరు తడబడ్డాడు. "తెలిసే ఉంటుంది."

"దానికి ఐదేళ్ళే కదా," అంది బొంగరం.

ఏడుస్తుందని ముగ్గురూ ఎదురుచూశారు. ఏడిస్తే ఎత్తుకోవచ్చు. ఏడిస్తే కళ్ళు తుడవొచ్చు. ఆ పిల్ల ఏడవలేదు. లేచి, కుర్చీ మీది పుస్తకం తీసి, నేల మీద పెట్టి మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టింది. పెద్ద పుస్తకం. అరవై దాకా బొమ్మలు. వేరే పిల్లలవి వచ్చినప్పుడు ఊరికే దాటేస్తోంది. తనవి వచ్చినప్పుడు పేజీ మీద వేలు పెడుతోంది, పెదవులు కదుపుతోంది. లెక్కపెడుతోంది.

పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. దాని వీపు మీద చెయ్యి వేసింది. పిల్ల చెయ్యి తోసెయ్యలేదు. లెక్క కూడా ఆపలేదు.

చివరి పేజీ మీద వేలు పెట్టి, "నలభై ఒకటి," అంది. "పిన్నీ, అయితే ఇవన్నీ ఎందుకు వేయించావు?"

"నీకు బొమ్మలంటే ఇష్టం కదమ్మా. నువ్వు బాగా వేస్తావు. నీ చేతిలో..."

"కాదు. అమ్మ ఎప్పుడొస్తుంది అంటే, ముందు ఈ బొమ్మ పూర్తి చెయ్యి అన్నావు."

పిన్ని చెయ్యి దాని వీపు మీద ఆగిపోయింది.

"పూర్తి చేశాను. మళ్ళీ అడిగాను. ఇంకో కాగితం ఇచ్చావు. ముందు ఇది పూర్తి చెయ్యి అన్నావు. అదీ చేశాను. తర్వాత అడగడం ఎందుకని నేనే చేసుకుంటూ పోయాను. ఒక్కటి కూడా సగంలో వదల్లేదు. చూడు కావాలంటే."

పిన్ని చూడలేదు. నిజంగానే ఆ మాట అంది. ఎన్నిసార్లో అంది. ఏడుస్తున్న పిల్లలతో అంటుంది, అలిగిన పిల్లలతో అంటుంది, దెబ్బ తగిలిన పిల్లలతో అంటుంది. చేతికి పని దొరికితే మనసు కుదుటపడుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆ గది నడుస్తోంది. ఇరవై మంది పిల్లలకు అది పనిచేసింది.

"నేను..." అంది.

బొంగరం పుస్తకం మూసింది. తాతకు ఇవ్వలేదు, పిన్నికి ఇవ్వలేదు. నేల మీదే వదిలేసి లేచి, గౌను దులుపుకుని తండ్రి దగ్గరకు వెళ్ళింది. ఆయన అప్పటికి వచ్చి కుర్చీలో కూలబడి ఉన్నాడు.

"నాన్నా, నువ్వు నన్ను తీసుకెళ్ళడానికే వచ్చావు కదా?"

లైన్‌మన్ మరదలి వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. మామగారి వైపు చూశాడు. ఆయన నేల మీద నుంచి లేవడానికి బల్ల అంచు పట్టుకుని, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ," అన్నాడు.

"అక్కడ బొమ్మలు వేయిస్తారా?"

"లేదమ్మా. చదువే. బొమ్మలవీ ఉండవు."

"అయితే వస్తాను."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. ఏడ్చి మొండికేస్తే ఏం చెప్పాలో ముందే కూర్చుకుని వచ్చాడు. ఆ మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. తీసుకెళ్ళడానికే వచ్చిన మనిషి కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఎవరైనా ఒక్కరు, వద్దు అనరా అని గదంతా చూశాడు.

ఎవరూ అనలేదు. బొంగరం ఆయన వేలు పట్టుకుని లాగింది.

"పద నాన్నా. బస్సెప్పుడు?"